ఆరు ప్రశ్నపత్రాలు, ఒక వైర్‌లెస్ ప్రింటరు

రాజమండ్రిలో షాపాయన ప్రింటరు పెట్టెకి తాడు కడుతూ, "కేబుల్ కూడా వెయ్యమంటారాండి? పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి" అని అడిగారు. వైర్‌లెస్ ప్రింటరు కొంటూ వైరెందుకండీ అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. మంచి మాట అన్నానన్న తృప్తితో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, కొవ్వూరు బస్సులో గోదావరి దాటి ఇంటికొచ్చాను. ఆ రోజు శనివారం. ఆదివారం ఆ షాపు తియ్యరు.

ఇది రెండువేల తొమ్మిదో పదో, ఆ ప్రాంతంలో జరిగింది. ప్రింటరు నా సరదాకి కొన్నది కాదు. మా ఆవిడ కొవ్వూరులోనే ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. ఆ ఏడు త్రైమాసిక పరీక్షల్లో పదో తరగతి కుర్రాడొకడు ప్రశ్నపత్రం చేతికి రాకముందే జవాబులు రాయడం మొదలుపెట్టాడు. మూడో ప్రశ్నకి వచ్చాక గాని గదిలో ఉన్న మేష్టారు గమనించలేదు. ఆరా తీస్తే, పేపర్లు టైపు కొట్టించిన బజారు షాపులోంచి ముందురోజే బయటికి పోయాయని తేలింది.

అర్ధ సంవత్సర పరీక్షలకి ఏం చేద్దామని స్టాఫ్ మీటింగు పెడితే మా ఆవిడ లేచి, "నేను ఇంట్లోనే టైపు చేసి, ఇంట్లోనే ప్రింటు తీసి తెస్తానండి. కాగితం మా గుమ్మం దాటదు" అంది. అప్పటికి మా ఇంట్లో లాప్‌టాప్ ఉంది. ప్రింటరు లేదు. ఆ సంగతి నేను ఒక్కసారే గుర్తుచేశాను.

"మీ మాట మీద వదిలేస్తున్నానమ్మా" అన్నారట హెడ్మాస్టరుగారు, అందరి ముందూ. పక్కనున్న సీనియర్ మేష్టారు ఒకాయన, "అదీ మంచిదే లెండి. ఈసారి పోతే ఎక్కణ్ణుంచి పోయిందో వెతుక్కోనక్కర్లేదు" అన్నారట. మా ఆవిడ ఆ మాట ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

పదో తరగతివి మొదటి వారం పేపర్లు, ఆరు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఒక్కోటి ఒక్కో ప్రతి హెడ్మాస్టరు గారి చేతిలో ఉండాలి. మిగతా ప్రతులు స్కూల్లో కాపీ మిషను మీద తీసుకుంటారు.

శుక్రవారమే టెలిఫోన్ లైన్‌మన్ వచ్చి ఇంటర్నెట్ డబ్బా బిగించి వెళ్ళాడు. ఫోను మా అమ్మ గదిలో ఉంటుంది కాబట్టి డబ్బా కూడా అక్కడే, ఫోను బల్ల మీద. పోతూ పోతూ, "పాస్‌వర్డ్ పెట్టుకోండి సార్. లేకపోతే పక్కింటోళ్ళు లాగేస్తారు" అన్నాడు.

మంచం మీద వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తింది. "ఎలా లాగుతారు నాయనా? మోటారు పెట్టా?"

"మోటారక్కర్లేదండి మామ్మగారూ. గాల్లోంచే లాగేస్తారు."

మా అమ్మ పక్కింటి వైపు గోడని కాసేపు చూసింది. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు మా దాకా రాకుండా పక్కింటివాళ్ళు మోటారు పెట్టి లాగేస్తున్నారని ఆవిడకి ఇరవై ఏళ్ళుగా నమ్మకం. రుజువు దొరకలేదు. పాస్‌వర్డ్ తర్వాత పెడతాలే అన్నాను నేను. తర్వాత చేద్దామనుకున్న పనులు నాకు చాలా ఉంటాయి. అందులో ఇదొకటయింది.

ఆదివారం కార్తీక మాసంలో ఆఖరిది. మా అమ్మ తెల్లారకుండానే లేచి, వీధిలో ఆడవాళ్ళతో కలిసి గోదావరి మధ్యలోని పట్టిసీమ గుడికి బయల్దేరింది. వెళ్తూ గుమ్మంలో నిలబడి "జాగ్రత్త" అంది. దేని గురించో చెప్పలేదు.

టిఫిన్ తిని హాల్లో పని మొదలుపెట్టాం. ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో పాతిక భాషలున్నాయి. తెలుగు లేదు. అట్ట మీద ఒకావిడ కాఫీ కప్పు పట్టుకుని ప్రింటరు వైపు చూసి నవ్వుతోంది. ఆవిడ చేతిలో పుస్తకం లేదు. సీడీ వేశాను. లాప్‌టాప్ అడిగిన ప్రతిదానికీ ఒప్పుకున్నాను. ప్రింటరు మీద చేతి గడియారమంత తెర ఉంది. అందులో మా ఇంటి నెట్ పేరు కనిపించింది, కలుపుకోమంటావా అని అడిగింది. కలుపుకోమన్నాను. కలిశామంది. మా ఆవిడ తెలుగు పేపరు పంపింది. ప్రింటరు కాగితాన్ని లోపలికి తీసుకుని, ఆలోచించి, కనెక్షన్ పోయిందని చెప్పింది.

లాప్‌టాప్‌లో సిగ్నల్ చూపించే గీతలు ఐదు. అందులో ఒకటి వెలుగుతోంది, ఒక్కోసారి అదీ ఆరుతోంది.

"ఒకసారి ఆ డబ్బా చూసి రండి" అంది మా ఆవిడ.

"డబ్బా బాగానే ఉంది. లేకపోతే ఆ ఒక్క గీతా ఎక్కణ్ణుంచొస్తుంది? లోపం ప్రింటరులోనే."

నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ విషయాల్లో నా మాటకి ఇంట్లో కొంత విలువ ఉండేది. అది ఆ పూట దాకా.

ప్రింటరును భోజనాల బల్ల మీంచి తీసి కిటికీలో పెట్టాను. కిటికీలోంచి తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని మా ఆవిడ వెనకాల వచ్చింది.

"ఊరేగింపు బాగుంది. ఈశాన్యం మూల పెట్టి చూడకూడదూ?"

"అక్కడ నీళ్ళ బిందె ఉంది."

"బిందె జరుపుతాను. మీకు నమ్మకం ఉండాలి గాని."

ఈశాన్యంలో పెడితే అర పేజీ వచ్చింది. 'కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి' అని ఉంది. పద్యం రాలేదు. ఆ కాగితాన్ని మా ఆవిడ నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేసి, పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కాల్చేసింది. అప్పుడు అర్థమైంది నాకు, తను ఎంత భయపడుతోందో. బజారుకెళ్తే పది నిమిషాల పని. కాని పెన్‌డ్రైవ్ పట్టుకుని బజారులో కనిపించిందంటే, పేపర్లు పోయినా పోకపోయినా, తన మాట పోయినట్టే.

"కేబుల్ ఉంటే ఈపాటికి అయిపోయేదేమో కదండీ" అంది మామూలుగా.

షాపులో నేనన్న మంచి మాట తనకి అప్పటికి చెప్పలేదు. చెప్పే సమయం దాటిపోయిందనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రింటరును వదిలేసి పేపర్లు తెర మీదే మరోసారి చదువుకుంటూ కూర్చుంది. సైన్సు పేపరు నేను సరిచూసిచ్చినదే. ఏడో ప్రశ్న దగ్గర ఆగింది.

"ఈ లెక్కలో వస్తువు ఎక్కడుందో చెప్పలేదేంటండి? కటకం గురించి చెప్పారు. ప్రతిబింబం ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. అసలు వస్తువెక్కడుందో తెలియకుండా పిల్లలేం చేస్తారు?"

చూశాను. లేదు. తెలుగు టీచరు పట్టుకున్న తప్పు ఫిజిక్స్ లెక్చరరు ఎలా వదిలేశాడని తను అడగలేదు. ఆ పేపరు తయారుచేసిన సైన్సు మేష్టారికి ఫోన్ చేసి దూరం కనుక్కుని వేసుకుంది. తర్వాత లాప్‌టాప్ మూసి, లేచి నిలబడి, "ఇంతకీ మన డబ్బా ఎక్కడుంది?" అంది.

"అమ్మ గదిలో, ఫోను బల్ల మీద."

"మీరు చూశారా?"

చూడలేదు.

గదిలోకి వెళ్ళాం. బల్ల మీద ఫోను ఉంది. డబ్బా లేదు. గోడ ప్లగ్గు లోంచి దాని కరెంటు వైరు, ఫోను లోంచి మరో సన్నటి వైరు, రెండూ కలిసి నేల మీదుగా వెళ్ళి బీరువా తలుపు కింద సందులోంచి లోపలికి దూరాయి. బీరువాకి తాళం వేసి ఉంది. మా అమ్మకి పెళ్ళిలో పెట్టిన ఇనప బీరువా అది. నలుగురు పట్టుకుంటే గాని కదలదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఏటా రెండో సంవత్సరం పిల్లలకి నేనొక ప్రయోగం చేసి చూపిస్తాను. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో మోగుతుండగా దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను. పాట ఆగిపోతుంది. లోహపు పెట్టెలోకి విద్యుదయస్కాంత తరంగాలు రావు, లోపలివి బయటికి పోవు అని చెబుతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. మూత సరిగ్గా పట్టకపోతే పాట సన్నగా వినిపిస్తుందని కూడా చెబుతాను. ఆ సన్నటి పాటే పొద్దుట్నుంచీ నాకు ఒక గీతగా కనిపిస్తోంది.

ఇదంతా మా ఆవిడకి వివరంగా చెప్పాను. విని, "తాళంచెవి ఎక్కడుంటుంది?" అంది.

మా అమ్మ బొడ్లో. ఆవిడ పట్టిసీమలో. ఆవిడకి సెల్‌ఫోన్ ఇష్టం లేదు.

తలుపు సందులో స్క్రూడ్రైవరు పెడదామా అన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా ఆ బీరువా మీద చెయ్యి వెయ్యని మనిషి. "వద్దులెండి. సాయంత్రం వస్తారుగా" అని, మంచం మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇద్దరం బీరువాని చూస్తూ కూర్చున్నాం. దాని అద్దంలో ఇద్దరం కనిపించాం, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు. మధ్యలో ఒకసారి, "రాత్రయిపోతే?" అంది. రాదులే అన్నాను, పడవల సంగతి నా చేతిలో ఉన్నట్టు.

ఆరున్నరకి వచ్చింది మా అమ్మ, చేతిలో ప్రసాదం సంచీతో. నేను చెప్పింది ఓపిగ్గా విన్నది.

"గాల్లోంచి లాగేస్తారని అతనే కదరా చెప్పాడు. అందుకని లోపల పెట్టాను."

"పెడితే మనకీ రాదమ్మా."

"మనకి రాకపోతే వాళ్ళకీ రాదుగా?"

"రాదు."

"మరి నేను చేసిందాంట్లో తప్పేముంది?"

ఫిజిక్స్ ప్రకారం ఏమీ లేదు. మా ఆవిడ ముందుకొచ్చి, "అత్తయ్యగారూ, ఒక్క అరగంట తెరిచి ఉంచండి. రేపు పొద్దున్నకి పేపర్లు ఇవ్వకపోతే నేను స్కూల్లో తలెత్తుకోలేను" అంది. మా అమ్మ కాళ్ళు కడుక్కుని, దేవుడి దగ్గర ప్రసాదం పెట్టి, బొడ్లోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. పట్టుచీరల మీద, మడత పెట్టిన కండువా పరిచి, దాని మీద పెట్టి ఉంది డబ్బా. పచ్చ దీపాలు మిణుకు మిణుకుమంటున్నాయి. మా అమ్మ కుర్చీ తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చుంది.

హాల్లో లాప్‌టాప్‌లో ఐదు గీతలూ వెలిగాయి. ప్రింటరు కలిశామంది. తెలుగు పేపరు వచ్చింది, పద్యంతో సహా. ఇంగ్లీషు వచ్చింది. మూడోది వచ్చింది. మా ఆవిడ ఒక్కో కాగితాన్నీ రెండు చేతులతో అందుకుంటోంది. నాలుగోది లెక్కల పేపరు, సగం బయటికొచ్చి ఉండగా వరండాలో చెప్పుల చప్పుడయింది.

పక్కింటాయన. వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. మా ఆవిడ చేతిలో కాగితాల మీద అప్పుడే దిండు గలీబు పరిచేసింది.

"ఏమండీ లెక్చరర్ గారూ, మీ నెట్‌లో ఏవన్నా ట్రబులా అండి? నిన్నటిదాకా బ్రహ్మాండంగా వచ్చింది. పొద్దుట్నుంచీ రావట్లేదు."

ఆయనకి కంప్యూటరు ఉన్న సంగతే మాకు తెలియదు.

"చూస్తున్నామండి" అన్నాను.

"చూడండి, చూడండి. తొందరేం లేదు. మా మనవడికి చదరంగం ఆడుకోడానికి" అని ఆయన మర్యాదగా గుమ్మంలోనే నిలబడ్డారు. లోపలి గదిలో ఇనప తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. లెక్కల పేపరు సగంలో ఆగింది.

ఆయన వెళ్ళాక గదిలోకి పోతే మా అమ్మ బీరువాకి వీపు ఆనించి నిలబడి ఉంది. "విన్నావా?" అంది మెల్లగా. ఇరవై ఏళ్ళకి దొరికిన రుజువు. దాన్ని ఆవిడ నుంచి ఎవరూ లాక్కోలేరు. మా ఆవిడ పళ్ళెంలో ప్రసాదం, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అత్తగారికిచ్చింది. తలుపు మళ్ళీ తెరుచుకుంది. నేను ఆ రెండు నిమిషాల్లో, మూడు రోజులుగా చెయ్యని పని చేశాను. పాస్‌వర్డ్ పెట్టాను. మళ్ళీ కలిపాను.

ఎనిమిదయ్యేసరికి ఆరూ వచ్చాయి. మా ఆవిడ వాటిని ఆరు కవర్లలో పెట్టి, జిగురు అంటించి, అంటించిన చోట సంతకం చేసి, కవర్లు చేత్తో పట్టుకుని హాలు మధ్యలో నిలబడింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మా ఇంట్లో తాళం పడే చోటు ఒక్కటే.

"ఎవరూ చూడకూడదా అవి?" అంది మా అమ్మ.

"రేపు పొద్దున్న ఎనిమిదింటి దాకా ఎవరూ చూడకూడదు, అత్తయ్యగారూ."

మా అమ్మ ఇంటర్నెట్ డబ్బాని బయటికి తీసి, "ఇది నువ్వు పట్టుకోరా" అని నా చేతిలో పెట్టింది. కవర్లని పట్టుచీరల మధ్య దూర్చి, తలుపు వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఆ రాత్రి మా ఆవిడ తొమ్మిదిన్నరకే నిద్రపోయింది.

సోమవారం హెడ్మాస్టరుగారు కవర్లు తిప్పి చూసుకుని, రాత్రి ఎక్కడుంచారమ్మా అని అడిగారట. మా అత్తగారి బీరువాలోనండి అందట. ఆయన వాటిని కాపీ మిషను గదిలోకి స్వయంగా పట్టుకెళ్ళారట. పరీక్షలు మామూలుగా జరిగాయి. వారం తిరిగాక, ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పేపర్లు కూడా మీరే చెయ్యండి అన్నారని మా ఆవిడ ఇంటికొచ్చి ముందు మా అమ్మకి చెప్పింది, తర్వాత నాకు.

"ఎన్నుంటాయి అమ్మాయ్?" అంది మా అమ్మ.

"అన్నీ కలిపి పదకొండు."

"అప్పటికి ఒక అర ఖాళీ చేస్తాన్లే."