రెండు అద్దాల అవతల

ఈ పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్లో ఇల్లు కొన్నాక వచ్చిన మొదటి చలికాలం నాకు పాత తువ్వాళ్లతోనే గడిచింది. పొద్దున లేచేసరికి కిటికీల అద్దాలన్నీ లోపలివైపు చెమట పట్టి ఉండేవి. నీళ్లు ధారలు కట్టి కారి, అల్యూమినియం ఫ్రేముల అడుగున నిలిచేవి. తువ్వాలుతో అద్ది, బకెట్లో పిండి, మళ్లీ అద్దేదాన్ని. కర్టెన్ల అంచులు నల్లగా బూజు పట్టాయి. గోడల మూలలు ఎన్నిసార్లు కడిగినా పది రోజులకు ఆ నలుపు మళ్లీ తేలేది. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. ఇక్కడ చలికాలం మే నెలలో మొదలవుతుంది; అప్పుడు పట్టుకున్న దగ్గు సెప్టెంబరు దాకా వదల్లేదు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు మందులు రాసిచ్చి, ముందు ఇంట్లో తేమ లేకుండా చూసుకోండి అన్నాడు.

ఆ ఇంట్లో నాకు దొరికిన మంచి ఏదైనా ఉందంటే అది పక్కింటి పెద్దమ్మే. డెబ్భై దాటిన మనిషి. ఫిజీలో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. పిల్లలు లేరు, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె నాయనమ్మను చెరుకు కొట్టే పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడలో ఫిజీకి తీసుకుపోయారట. ఆ నాయనమ్మ నేర్పిన తెలుగే ఈమెకు వచ్చు. మధ్యలో మాట తట్టకపోతే హిందీ కలిపేది. మాది వరంగల్. ఆమె తెలుగు నాకు, నా తెలుగు ఆమెకు కొత్తగానే ఉండేవి. మొదటిసారి కంచె మీదుగా, "ఏటి పిల్లా, ఏటి వొండినావు?" అని అడిగినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. "ఎవులితోనూ మాటాడక నోరు తిరగడం నేదు. తప్పయితే సెప్పు," అంది.

మా వంటింటి కిటికీకి ఎదురుగానే నడుమెత్తు చెక్క కంచె, దాని అవతల ఆమె పెరడు. అద్దం పలుచన కాబట్టి కిటికీ మూసి ఉన్నా ఆమె దగ్గు, రేడియోలో పాత హిందీ పాటలు, కెటిల్ కూత అన్నీ నాకు వినిపించేవి. ఆమె గొంతు పెంచేది కాదు. బట్టలు ఆరేస్తూ మామూలుగా "పిల్లా" అనేది, నేను కిటికీ తీసేదాన్ని. కుండీలోంచి కరివేపాకు తుంచి అందించేది. పాప దగ్గు కూడా ఆమెకు అలాగే వినిపించేది. "గుంటకి నిన్న కన్నా తగ్గినాదిలే. నాను ఇన్నాను," అని నాకే చెప్పేది.

రెండో చలికాలం రాకముందే కిటికీలకు డబుల్ గ్లేజింగ్ చేయించాలనుకున్నాం. ఫ్రేములు అవే ఉంచి, ఒంటి అద్దం తీసేసి, మధ్యలో కొంచెం ఖాళీ వదిలి రెండు అద్దాలు కలిపి బిగించిన పలక పెడతారు. చలి లోపలికి రాదు, వేడి బయటికి పోదు, అద్దం మీద నీరు చేరదు. చూడటానికి వచ్చిన అతను బయటి శబ్దాలు కూడా తగ్గుతాయని చెప్పాడు. రైళ్ల రొద తప్పుతుందని మా ఆయన సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను.

ఇద్దరు మనుషులు వచ్చి రెండు రోజులు పనిచేశారు. పెద్దమ్మ మెట్టు మీద కుర్చీ వేసుకుని అంతా చూసింది.

"రెండేసి అద్దాలేటి? ఒకటి పగిల్తే ఇంకోటి ఉంటాదనా?"

"కాదు పెద్దమ్మా, మధ్యల గాలి ఉంటది. గా గాలే చలిని ఆపుతది."

"గాలి సలిని ఆపుతాదా," అని ఆమె చాలాసేపు నవ్వుకుంది.

ఆ చలికాలం నేను పొద్దున లేచి అద్దం మీద వేలు పెట్టి రుద్దితే పొడిగా ఉండేది. కొద్దిసేపు హీట్ పంపు వేస్తే ఆ వెచ్చదనం పూటంతా నిలిచేది. జూన్ అంతా పాప ఒక్కసారీ దగ్గలేదు. ఒకరోజు అది నా మంచం పక్కన నిలబడి, ఇప్పుడు అద్దం మీద బొమ్మలెలా వేసుకోవాలని ఇంగ్లిష్‌లో అడిగింది. ఆ ప్రశ్నకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఇల్లు నిశ్శబ్దమైపోయిందని నాకు వెంటనే తెలిసింది. ఎంత నిశ్శబ్దమో కొన్ని రోజులకు తెలిసింది. గిన్నెలు కడుగుతూ తలెత్తితే పెద్దమ్మ కంచె దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ ఉండేది. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో తెలియదు. కిటికీ తీసి, "వినపడలేదు పెద్దమ్మా, ఫోన్ చెయ్యరాదు," అనేదాన్ని.

"పక్కింటికి ఫోనేటే?" అనేది.

మోకాళ్ల నొప్పులతో చుట్టూ తిరిగి మా తలుపు దాకా రావడం ఆమెకు కష్టం. కంచెకు ఒక బెల్లు బిగిద్దాం అన్నాడు మా ఆయన. సరే అన్నాను. ఆ వారం కుదరలేదు, తర్వాతి వారం మరిచిపోయాం. చలి ముదిరి నేను కిటికీ తీయడం మానేశాను.

జూలైలో ఒక శనివారం. పొద్దున వాన పడి పదింటికి తెరిపిచ్చింది. ఆ రోజు పూరీలు చేస్తున్నాను. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాన్ తిరుగుతోంది. వెనక బల్ల దగ్గర పాప ట్యాబ్ ముందు పెట్టుకుని తింటోంది. మా ఆయన ఏదో అంటే అది నవ్వుతోంది, దాన్ని చూసి నేనూ నవ్వుతున్నాను. కిటికీలోంచి నాకు కంచె కనిపిస్తోంది, ఆమె ఇంటి కప్పు కనిపిస్తోంది. కంచె వెనక నేల కనిపించదు.

తిన్నాక తొక్కలు, మిగిలిన కూర చెత్తడబ్బాలో వేయడానికి వెనక తలుపు తీశాను. అప్పుడు వినిపించింది. చాలా చిన్నగా, "పిల్లా" అని.

ఆమె బట్టల తీగ కింద, పాచి పట్టిన సిమెంటు మీద పక్కకు తిరిగి పడి ఉంది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. కాలు కదిలించలేకపోతోంది. నేను అరిస్తే మా ఆయన దుప్పట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎప్పుడు పడ్డవు పెద్దమ్మా?"

"పదకొండింటి వార్తలవుతా ఉన్నాయి, రేడియోలో."

అప్పుడు ఒంటిగంట.

"పిలవలేదా?"

అడగకుండా ఉండాల్సింది. ఆమె నా ముఖంలోకి చూసింది. "సానాసార్లు పిలిసినాను. కంచె సందులోంచి మీ కిటికీ అవుపిస్తానే ఉంది. నీ నెత్తి అవుపిస్తా ఉంది. నవ్వుతా ఉన్నావు. పనిలో ఉంది, వస్తాదిలే అనుకున్నాను."

ఆ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఆమెకు దగ్గరి మనిషంటే దగ్గర్లోనే మాన్యుకావ్ అనే ఊళ్లో ఉండే మేనకోడలు ఒక్కతే. ఆమెకు తెలుగు రాదు. ఆసుపత్రి వరండాలో నన్ను హిందీలో అడిగింది, అత్త ఎంతసేపు అలా పడి ఉంది అని. కొంచెంసేపే అయ్యుంటుంది అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఆలోచించకుండానే వచ్చింది. మా ఆయన పక్కనే ఉన్నాడు. తల దించుకున్నాడు.

నేను రోజూ సాయంత్రం వెళ్లేదాన్ని. అన్నం మెత్తగా కలిపి పెడితే రెండు ముద్దలు తినేది. వారం తర్వాత నిమోనియా వచ్చింది. చివరి రోజుల్లో ఆమె హిందీ పోయింది, ఇంగ్లిష్ పోయింది, తెలుగు మాత్రమే మిగిలింది. నర్సులకు ఆమె ఏమంటోందో తెలిసేది కాదు. నీళ్లు అడుగుతోందనో, కాళ్లు చల్లగా ఉన్నాయంటోందనో నేను చెప్పేదాన్ని. ఒకసారి నన్ను నాయనమ్మ అనుకుని, బడికి పోనని మారాం చేసింది. పడిన మూడో వారం, ఒక మధ్యాహ్నం పోయింది. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను.

మా ఇంట్లో ఆ శనివారం గురించి ఎవరం మాట్లాడలేదు. చలి పోయి ఎండలొచ్చాక, డిసెంబరులో ఒకరోజు పాపను ఈతకు తీసుకెళ్లి వస్తున్నాం. పాప వెనక సీట్లో నిద్రపోయింది. సిగ్నల్ దగ్గర కారు ఆపి మా ఆయన, "ఆ రోజు నాకు ఏదో ఇనిపించింది," అన్నాడు.

నేను ఏ రోజని అడగలేదు.

"సన్నగ. ఎవరో పిలుస్తున్నట్టు. పాప ట్యాబ్‌ల కార్టూనేమో అనుకున్న. సౌండ్ తగ్గియ్యమని దానికి చెప్పిన."

ఆయన అలా చెప్పడం నాకు గుర్తుంది. పాప తగ్గించింది కూడా. నేను ఆయన పళ్లెంలో ఇంకో పూరీ వేశాను.

ఆకుపచ్చ లైటు పడ్డా ఆయన కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టాక కదిలాడు. కొంతదూరం పోయాక, "నువ్వు ఆమె మేనకోడలుకు కొంచెంసేపే అన్నవు గదా," అన్నాడు.

"అన్న."

"చెప్పాలె మనం."

ఆ ఆదివారం ఇద్దరం మేనకోడలి ఇంటికి వెళ్లాం. ఆమె సోఫాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను హిందీలో చెప్పాను, రెండు గంటలని, పిలిచిందని, మేం ఇంట్లోనే ఉన్నామని. మా ఆయన తనకు వినిపించింది కూడా చెప్పాడు. ఆమె కప్పు పక్కన పెట్టేసింది.

"రెండు గంటలా?"

"అవును."

"ఏడ్చిందా?"

"లేదు," అన్నాను. అది నిజమే.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, పాప ఎలా ఉందని అడిగింది. దగ్గు పూర్తిగా పోయిందని చెప్పాను. మంచిది అంది. సంవత్సరీకానికి పిలుస్తుందేమోనని చూశాం. ఫోన్ రాలేదు. చేయడానికి మాకూ ధైర్యం చాలలేదు.