సిమలోయ్ ఆవు రంగు

సిమలోయ్ ముఖం నేను మొదటిసారి చూసేసరికి ఆమెకు మనవలు కూడా పుట్టేశారు. వీపు మాత్రం ఆమె పెళ్లినాడే చూశాను. నున్నగా గీసిన తల, మెడ నిండా పూసల హారాలు, నెత్తి నుంచి భుజాల దాకా పూసిన ఎర్రమట్టి. ఇన్నేళ్లయినా ఆ వీపు నా కళ్లముందే ఉంది.

అప్పట్లో నేను నరోక్ ఊరి నుంచి మారా అడవికి సందర్శకులను తిప్పే డ్రైవర్‌ని. పుట్టుకతో కంబా తెగవాణ్ణి అయినా, పశువులు కాసుకునే మసాయిల మధ్యే బతికాను కాబట్టి వాళ్ల మాట నా నోట బాగానే పలికేది. ఇప్పటి కుర్రాళ్లు బండి కాస్త దగ్గితే చాలు, ఫోన్ తీస్తారు. మాకు ఫోనూ లేదు, రేడియో లేదు. ఒక ల్యాండ్‌రోవర్, ఒక తాడు, దేవుడిచ్చిన నోరు, అంతే. ఆ బండిని తిట్టినంతగా నేను ఎవరినీ తిట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే దాని మీద బెంగగా ఉంటుంది.

ఆ రోజు నా బండిలో హెడ్విగ్ అనే జర్మన్ పెద్దావిడ ఒక్కరే ఉన్నారు. తుంటి విరిగి అతికిన మనిషి, చేతికర్ర లేనిదే అడుగు వేయలేరు. ఏనుగులను చూసి, పొద్దువాలుతుండగా విడిదికి తిరిగి వస్తున్నాం. దారిలో వాగు. పైకి ఎండినట్టే ఉంది గానీ అడుగున బురద. నడిమధ్యకు వెళ్లేసరికి కింద ఫట్‌మని చప్పుడు. యాక్సిల్ విరిగింది.

మా నెత్తిన ఆకాశం శుభ్రంగానే ఉంది. కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకుని ఉంది. గాలిలో తడిమట్టి వాసన వస్తోంది. అక్కడ కురిసిన వాన ఇక్కడి వాగులోకి నడిచి రాదు, పరుగెత్తుకొస్తుంది. ఆవిడను వీపున వేసుకుని గట్టు ఎక్కబోయాను. ఇద్దరం జారి బురదలో పడ్డాం. "నువ్వన్నా వెళ్లు" అన్నారావిడ. ఎలా వెళ్తాను? మళ్లీ బండిలో కూర్చోబెట్టాను.

అప్పుడే అవతలి గట్టు మీద మనుషులు కనిపించారు. మాకంటే ముందే వాగు దాటి వెళ్తున్న పెళ్లివారు. ముందు పెళ్లికొడుకు, వెనక అతని నేస్తాలు, మధ్యలో తల దించుకుని పెళ్లికూతురు.

"అన్నలారా! ఓ అన్నలారా! ఆగండి!"

పెళ్లికొడుకు తోడు మెయితామెయ్ వెనక్కి తిరిగాడు. "పెళ్లినడక తమ్ముడూ! చీకటి పడకముందే కోడలు ఇంట్లో కాలు పెట్టాలి. ఊరు చేరగానే ఎద్దుల్ని తోలతాం!"

"ఎద్దులొచ్చేసరికి మేం చేపల పక్కన పడుకుంటాం! నాకోసం కాదయ్యా, ఈ ముసలితల్లి కోసం!"

అతను ఇబ్బందిగా చెయ్యి ఊపి మళ్లీ నడక సాగించాడు. అతణ్ణి తప్పు పట్టను. పెళ్లి బాధ్యత నెత్తిన ఉన్నవాడు ఎవరైనా అంతే చేస్తాడు.

పెళ్లికూతురు ఆగిపోయింది.

మసాయిల్లో పుట్టిల్లు వదిలిన పిల్ల వెనక్కి చూస్తే రాయైపోతుందంటారు, అందుకే చూడదు. కానీ దారిలో ఆగవచ్చు. ఆగిందంటే మగపెళ్లివారు ఏదో ఒకటి ఇస్తామని మాట ఇచ్చేదాకా కదలదు. అలా వచ్చిన ఆవు ఆమె సొంతం, దాని పాలు ఆమె పిల్లలవి. పేదింటికి వెళ్లే పిల్ల ఆ ఒక్క ఆగడాన్ని ఎంతో ఆలోచించి వాడుకుంటుంది.

"మేకనిస్తాం, నడువు తల్లీ" అన్నాడు మెయితామెయ్. ఆమె కదల్లేదు. "సరే, చూలు పెయ్య! మావాడికున్న మంచి పెయ్య అదొక్కటే. ఇంక నడువు!"

ఆమె ఏమందో నాకు వినబడలేదు. అతను నెత్తి కొట్టుకోవడం మాత్రం చూశాను.

"పెయ్య వద్దట్రా! ఆ బండిని బయటికి లాగితేనే నడుస్తుందట!"

పెళ్లికొడుకుతో సహా అందరూ తిట్టుకుంటూ, నవ్వుకుంటూ దిగొచ్చారు. అవతలి గట్టు నిటారు కాబట్టి, తాడు కట్టి, నేను వచ్చిన గట్టుకే వెనక్కి లాగారు. హెడ్విగ్ బండిలోంచే అందరికీ దండాలు పెడుతున్నారు. ఆ పిల్ల అవతల ఒంటరిగా, మాకు వీపు చూపిస్తూ నిలబడే ఉంది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. వాళ్లు పరుగున వెళ్లి ఆమెను చేరుకున్నారో లేదో, చెట్లను దొర్లించుకుంటూ వాగు వచ్చేసింది. చల్లగా ఉండమ్మా అని అరిచాను. ఆ హోరులో నా మాట నాకే వినబడలేదు.

ముప్పై ఏళ్లు దాటాక, ఒక ఉదయం నరోక్ పాలసంతలో టీ తాగుతూ కుర్ర డ్రైవర్లకు ఈ కథే చెబుతున్నాను. "అప్పుడు నేను గంభీరంగా పిలిచాను..."

పక్కన పాలు కొలుస్తున్న ముసలమ్మ ఇటు తిరిగింది. "గంభీరంగానా? దూడ తప్పిపోయిన ఆవులాగా అరిచావు కదయ్యా!"

కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. నేను టీ గ్లాసు దించి, ఆనాటి పెళ్లికూతురి ముఖం మొదటిసారి చూశాను. ఆ ముఖం అలా ఉంటుందని నేను ఎప్పుడూ ఊహించుకోలేదు. నవ్వుముఖం, ముందుపళ్ల మధ్య సందు.

తన బతుకు నవ్వుతూనే చెప్పింది. పెళ్లినాడు మాట ఇచ్చింది బండి లాగడానికే కాబట్టి పెయ్య రాలేదు. మొదటి బిడ్డకు పాలు కావాలంటే గిన్నె పట్టుకుని తోటికోడలి గుమ్మం ముందు నిలబడేది. "మా ఆవులు గడ్డి మేస్తాయి, మా సిమలోయ్ ఆవు పెట్రోలు తాగుతుంది" అని ఆ తోటికోడలు ఊరంతా చెప్పి నవ్వేది. ఆ తోటికోడలు అక్కడే, పాలక్యాను మీద కూర్చుని వింటోంది.

"అప్పట్లో ఏడ్చానన్నా. అబద్ధమెందుకు?" అంది సిమలోయ్. "కానీ అంతకంటే ఒకటి బాధ. నీ ఆవు ఏ రంగని అడిగితే నోరు పెగిలేది కాదు, వెనక్కి తిరిగి నీ బండిని చూడనే లేదు కదా. ఆవు ఉండి రంగు తెలీనిదాన్ని నేనొక్కదాన్నే."

"మీ ఆయన్ని అడగలేకపోయావా?"

"అడిగా. బురద రంగన్నాడు, మహానుభావుడు."

నాకు కళ్లు చెమర్చాయి. "లేత ఆకుపచ్చ తల్లీ. ఎడమ తలుపు మాత్రం తెలుపు. వేరే బండిది తెచ్చి బిగించాను."

"ఒక పక్క తెల్లమచ్చ!" అని చేతులు చరిచింది. "మరి ఆ ముసలామె?"

"చాలా ఏళ్లు బతికారు. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసేవారు. మనవరాలి పెళ్లిలో కర్ర పట్టుకునే గంతులేశానని చెప్పి ఎంత మురిసిపోయారో!"

సిమలోయ్ పైకొంగుతో ముఖం తుడుచుకుంది. పాలక్యాను మీది నుంచి తోటికోడలే లేచి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకనేమే! నీ ఆవు బాగానే పాలిచ్చింది" అంది.