పందిరి కాలికి కట్టిన సైకిలు

ఆ రోజుల్లో మనుషుల్ని నమ్మడం తెలివితక్కువ పని అని నాకు గట్టి నమ్మకం. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్న కాలమే. డిగ్రీ ముగించాను, ఏ ఉద్యోగమూ నన్ను రమ్మనలేదు, దాంతో తిరువళ్లూరులో మా మామ నడిపే ఇనుప సామాన్ల అంగడిలో చేరాను. మామ నన్ను తాళాల అలమర ముందు నిలబెట్టాడు. (మా వైపు తాళాన్ని బీగం అంటారు, తాళంచెవిని బీగంచెవి అంటారు, స్తంభాన్ని కంబం అంటారు.) "బీగాన్ని ఎవురూ ఇష్టపడి కొనర్రా. భయపడి కొంటారు. ఆ భయం నువ్వే పెట్టల్ల" అని ఒకే ఒక్క పాఠం చెప్పాడు. నాకు ఆ ఒక్కటీ చాలింది. సైకిలు తాళం కోసం వచ్చినవాడికి నేను మొదట తాళం చూపేవాణ్ని కాదు, దొంగను చూపేవాణ్ని. వెనక చక్రానికి చిన్న తాళం వేస్తే సైకిలును భుజాన వేసుకుని పోతాడు. ముందు చక్రానికి మాత్రమే గొలుసు వేస్తే ఆ చక్రాన్ని మీకు వదిలిపెట్టి మిగతాది పట్టుకుపోతాడు. సన్న తీగ తాళమైతే జడ రిబ్బను కత్తిరించినట్టు కత్తిరిస్తాడు. ఇలా చెప్పి చెప్పి వచ్చినవాడి ముఖంలో రంగు మారాక, బట్ట తొడిగిన లావు గొలుసొకటి తీసి బల్ల మీద దబ్బున పడేసేవాణ్ని. "దీన్ని చక్రంలో, ఫ్రేములో దూర్చి ఇనుప కంబానికి కట్టల్ల సార్. అప్పుడు సైకిలు కావాలంటే దొంగోడు కంబాన్ని కూడా ఎత్తుకోని పోవల్ల" అనేవాణ్ని. ఈ మాటకు అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. (నా జన్మలో నేను ఒక్క దొంగనైనా చూసి ఎరగను.)

మా ఇల్లు తిరుత్తణిలో. రోజూ పొద్దున సైకిలు మీద స్టేషనుకు వచ్చి తిరువళ్లూరుకు రైలెక్కేవాణ్ని. స్టేషను బయట సందు మలుపులో ఒక టీ అంగడి ఉంది. సీజన్ టికెట్ వాళ్లందరం సైకిళ్లు అక్కడే వదిలేవాళ్లం. చీటీ లేదు, కూలి లేదు, తాళాలు అసలే లేవు. ఎందుకంటే ఆ సందులోకి పొద్దునా సాయంత్రమూ పాల బండి రావాలి. బండి వచ్చినప్పుడల్లా టీ అన్న బయటికొచ్చి సైకిళ్లను ఒక్కొక్కటే పక్కకు జరిపి, మళ్లీ నీడ ఎటుంటే అటు చేర్చి స్టాండు వేసేవాడు. అందుకే ఆయన్ని అందరం స్టాండన్న అనేవాళ్లం. ఏ సైకిలు ఎవరిదో, వాళ్లు ఏ రైలుకు దిగుతారో ఆయనకు నోటికి వచ్చు. ఆయన చేతి కింద నుంచి ఒక్క సైకిలు పోయిందన్న మాట అంతవరకు ఎవరూ అనలేదు. ఆయన అంగడికి బోర్డు లేదు, ఆ పేరే బోర్డు.

అలాంటి చోటికి నేను కొత్త గేరు సైకిలుతో, అలమరలోకెల్లా లావైన గొలుసుతో దిగాను. కట్టడానికి కంబం లేక చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి బిగించాను. స్టాండన్న వచ్చి చూశాడు.

"ఇదేంది తమ్ముడా, సైకిలుకి సంకెళ్లేసినావు? పాల బండి వస్తే నేనెట్ల జరపల్ల?"

"కొత్త సైకిలన్నా. మన జాగ్రత్తలో మనముండల్ల కదా."

"నేనుండానే."

"ఉండావులే. టీ పోసేటప్పుడు నీ కన్ను గ్లాసు మీద ఉంటాది కదన్నా. దొంగోడికి ఆ మాత్రం సందు చాలు" అన్నాను, బల్ల ముందు నిలబడి అమ్మేవాడి గొంతుతోనే.

ఆయన తన చేతిలోని గ్లాసు వంక ఒకసారి చూసుకుని "సరి తమ్ముడా" అన్నాడు. ఆ రోజు నుంచి పాల బండి వచ్చినప్పుడల్లా నా సైకిలును చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టేవాడట. ఈ సంగతి చాలా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసినా బాధపడి ఉండేవాణ్ని కాదేమో, పెయింటు గీసుకుంటుందని మాత్రం అనుకునేవాణ్ని.

ఇంతలో మా ఊరి కొండ మీది స్వామికి జరిగే ఆడి కృత్తిక పండగ వచ్చింది. కావళ్లు మోసుకుని కొండకు పోయే జనానికి అన్నం పెట్టడానికి టీ అంగడి ఎదుట పెద్ద పందిరి వేశారు. వెదురు పందిరి కాదు. నిచ్చెనలా అడ్డకమ్ములున్న ఇనుప కాళ్ల పందిరి. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ జనానికి చెప్పిన ధర్మాన్ని నేనే ఆచరించే అదృష్టం కలిగింది. చక్రంలోంచి, ఫ్రేములోంచి, ఆ కమ్ముల మధ్యలోంచి గొలుసు దూర్చి బిగించాను. పండగ నాళ్లన్నీ అలాగే గడిచాయి. ముగిసిన మర్నాడు కూడా అక్కడే కట్టాను. "తమ్ముడా, ఈపొద్దు దానికి కట్టొద్దు, వాళ్లు…" అని స్టాండన్న ఏదో చెప్పబోయాడు. రైలు వస్తోంది. "సాయంత్రం చెప్పన్నా" అని పరుగెత్తాను.

సాయంత్రం దిగి వచ్చేసరికి పందిరి లేదు, సైకిలూ లేదు. ఈ రెండింటిలో రెండోది మాత్రమే నాకు కనబడింది.

"ముందు టీ తాగు తమ్ముడా. నీ సైకిలు యాడికీ…" అని మొదలుపెట్టాడు స్టాండన్న.

"యాడికి పోయిందో నీకు తెలీకుండా ఉంటాదా?" అన్నాను. రైలు దిగినవాళ్లంతా ఆగి చూస్తున్నారు. తాళాల గురించి మాట్లాడేటప్పుడు నలుగురు చుట్టూ ఉంటే నాకు మాట బాగా వచ్చేది. "ఇన్ని సైకిళ్లుండంగా బీగం ఏసిన సైకిలే పోయిందంటే, తీరిగ్గా కూర్చోని కోసుకునేదానికి ఎవురో వానికి చోటిచ్చినారనే కదా."

స్టాండన్న భుజం మీది గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న బల్లను తుడిచాడు. "నువ్వు అట్ల అనుకుంటే సరి తమ్ముడా" అని పొయ్యి దగ్గరికి పోయాడు. "నీ సైకిలు యాడికీ…" అన్న ఆ ఒక్క వాక్యాన్ని ఆయన చేత పూర్తి చేయించి ఉంటే నేను ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇంటికి పోయి ఊరుకున్నానా? సీజన్ టికెట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను, తమిళంలో. (ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ రాయడం దగ్గరకొస్తే మావాళ్లందరికీ తమిళమే.) "స్టేషను టీ అంగడి దగ్గర సైకిలు పెట్టేవాళ్లు జాగ్రత్త. కాలం బాగాలేదు. కాపలా ఉండేవాళ్లను నమ్మకండి. మంచి తాళం వేసుకోండి" అని దాని భావం. చివర్లో మామ అంగడి చిరునామా కూడా చేర్చాను. ఎందుకు చేర్చానంటే అలవాటు, అంతకంటే వేరే కారణం లేదు.

మరునాటి నుంచి మా రైలు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి గొలుసులు కొనుక్కున్నారు. అలమర ఖాళీ అయింది. "నీ సైకిలు పోతే పోయిందిలేరా, మనకి మంచే జరిగింది" అని మామ నా వీపు తట్టాడు. నేను ఇంటి నుంచి నడిచి, టీ అంగడి వైపు చూడకుండా తిరుగుదారిన స్టేషనుకు పోతున్నాను. దొంగ ముఖం చూడకూడదని నా పంతం.

మూడో రోజు మామ అంగడికి పొదటూరుపేట నుంచి ఫోను వచ్చింది. పందిళ్లు వేసే ఆయన.

"మీ అంగడి బీగమొకటి మా పందిరి కాలికి తగులుకోనుంది అబ్బయా. దానిమీద మీ నంబరు చీటీ ఉంటే చేస్తా ఉండా. ఎల్లుండి పెళ్లికి ఆ కాలు కావల్ల, చెవి తెచ్చి ఇప్పుకోని పో."

"కోసి సైకిలు అక్కడే వదిలేసి ఉండొచ్చు కదా" అన్నాను.

"కోసేదానికే రంపం తీసినాము. ఆ టీ అంగడాయన కాళ్లకి అడ్డం పడినాడు. 'పిల్లోడు ఆశపడి కొనుక్కున్నాడు, కొయ్యొద్దండి, కంబంతో కూడా ఎత్తుకోని పోండి, వానికి నేను చెప్తాను' అనినాడు. ఏం, చెప్పలేదా?"

బస్సెక్కి పొదటూరుపేట పోయాను. పందిరి సామాన్ల కొట్టంలో, మడిచిన పరదాల మధ్య, నా సైకిలు ఇనుప కాలికి వేలాడుతూ ఉంది. గొలుసు మీద చిన్న గీత కూడా లేదు. అంత గట్టి తాళం నేను మళ్లీ అమ్మలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. సైకిలునూ కంబాన్నీ చివరిదాకా విడదీయనివ్వలేదు.

తిరుత్తణి దాకా తొక్కుకుంటూ, స్టాండన్నకు ఏం చెప్పాలో దారి పొడవునా వల్లించుకుంటూ వచ్చాను. సందు మలుపు చేరేసరికి పాల బండి రోడ్డు మీదే ఆగి హారను కొడుతోంది. సందులో సైకిళ్లన్నీ గొలుసులు బిగించుకుని, ఒకదానికొకటి చిక్కుపడి నిలబడి ఉన్నాయి. అన్నీ నేను అమ్మినవే. స్టాండన్న పాల క్యాన్లు ఒక్కొక్కటే మోసుకుని లోపలికి పోతున్నాడు. వల్లించుకున్నదంతా మరిచిపోయి నేనూ ఒక క్యాను అందుకున్నాను.

"అన్నా, తప్పయిపోయింది."

"సైకిలు వచ్చిందా?"

"వచ్చింది."

"బీగం?"

"బాగానే ఉంది."

"సరి. టీ తాగు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే తేలిగ్గా ఇంటికి పోయేవాణ్ని.

ఆ మెసేజ్ చెరిపేద్దామని చూస్తే గడువు దాటిపోయింది. ఇక నా ఫోనులో మాత్రం చెరుపుకోవచ్చట. ఆ సౌకర్యం ఎవరికి పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. అందుకని జరిగిందంతా, నా పేరుతో సహా, పూసగుచ్చినట్టు రాసి క్షమాపణ పెట్టాను. దాని కింద ఇద్దరు బొటనవేలి బొమ్మ పెట్టారు. ముగ్గురు మాత్రం పందిరి పీకినా ఊడని ఆ బీగం ఏ కంపెనీదని అడిగారు. నా జీవితంలో నేను రాసిన అన్నిటికంటే మంచి ప్రకటన అదేనని మామ ఇప్పటికీ అంటాడు.

ఇప్పుడు ఆ అంగడి నేనే చూసుకుంటున్నాను. తాళం కోసం వచ్చినవాళ్లకు తాళమే చూపుతాను, దొంగను చూపడం మానేశాను. (బేరం కాస్త తగ్గింది.) స్టేషను దగ్గర సైకిళ్లకు గొలుసులు మాత్రం పోలేదు. భయం ఒకసారి కొన్నాక ఎవరూ వాపసు తెచ్చివ్వరు. నేను మాత్రం అదే పాత గేరు సైకిలును తాళం లేకుండా ఆ సందులో నిలబెట్టి రైలెక్కుతాను. జుట్టు నెరిసిన స్టాండన్న ప్రతి పొద్దూ టీ గ్లాసు పట్టుకుని అంగడిలోంచి తొంగి చూస్తాడు.

"బీగం ఏసినావా తమ్ముడా? కాలం బాగాలేదు" అంటాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎన్నిసార్లో వెతికాను, లేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు గుర్తులేదనుకుంటాను. నాకు గుర్తుంది.

"ఏసినానన్నా" అని అబద్ధం చెబుతాను. సాయంత్రం దిగి వచ్చేసరికి సైకిళ్లన్నీ పొద్దున ఎక్కడున్నవి అక్కడే, ఎండకు మాడుతూ ఉంటాయి. నాదొక్కటే చోటు మారి, అంగడి పక్క నీడలో, స్టాండు వేసి ఉంటుంది.