వెనక వచ్చేవాడి దీపం

మొన్న సబ్బవరంలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళవలసి వచ్చి, మా గోవిందు మామ మనవడు సాయి కొత్తగా కొన్న పికప్పు బండిలో ముందు సీటులో కూర్చున్నాను. తలుపు వేయగానే వాసన మొహం మీద కొట్టింది. సీట్ల మీద ఇంకా విప్పని ప్లాస్టిక్ తొడుగుల వాసన, అద్దం కింద వేలాడే సీసాలోంచి దిగుతున్న మల్లెపూవు పేరు పెట్టుకున్న ఏదో మందు వాసన, ఆ రెండింటికీ అడుగున, ఏ సెంటూ కప్పలేని పులిసిన బెల్లం జిడ్డు వాసన. అనకాపల్లి చుట్టుపక్కల పుట్టి పెరిగిన నా వయసు వాళ్ళు చాలామంది బెల్లం వాసన తగిలితే చాలు, చిన్నతనం గుర్తొచ్చిందని కళ్ళు మూసుకుని మురిసిపోతారు. నాకూ చిన్నతనమే గుర్తొస్తుంది. అందుకే ముక్కు మూసుకుంటాను.

మాది మునగపాక. చలికాలం వచ్చిందంటే ఊరి చుట్టూ గానుగలు మొదలయ్యేవి. రసం మరిగే పెనం మీద ఆకుపచ్చని మడ్డి తేలేది. దాన్ని తోడి పక్కన గోతిలో పోసేవారు. ఆ గోతి చుట్టూ కందిరీగలు, ఈగలు, అందులో పడి చచ్చిన తొండలు, వాటిని నాకడానికి వచ్చే కుక్కలు. వేడివేడి పాకం చెరుకు ముక్కకు చుట్టి పిల్లల చేతిలో పెట్టేవారన్నది నిజమే, అది బాగుండేదన్నదీ నిజమే, కానీ అది తింటూ నిలబడ్డ చోట కాళ్ళ కింద నేల బంకలా పట్టుకుని చెప్పులు ఊడి వచ్చేవి. మా నానమ్మ నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ నోటితోనే నా చెంపలు ముద్దుపెట్టుకునేది. ఆ బూడిద వాసన కడుక్కున్నా పోయేది కాదు. ఇలాంటివి చెబితే మా చెల్లెళ్ళు నన్ను కోప్పడతారు, అన్నిట్లోనూ కుళ్ళే కనబడుతుందేం నీకు అని. వాళ్ళకి కనబడనిది నాకు కనబడింది, అంతే.

మా నాన్నా, మా అమ్మకు అన్న అయిన గోవిందు మామా కలిసి బెల్లం దిమ్మలు మార్కెట్టుకు చేర్చడానికి ఒక పాత పికప్పు కొన్నారు. నాన్న పొలం మనిషి, స్టీరింగు ముట్టుకోడు. నడిపేది మామే. మామ మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నవ్వితే గానుగ ఆ చివరికి వినబడేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ఎక్కించుకునేవాడు. అందరికీ ఇష్టం. నాకు మాత్రం అతని ఎడమ అరచేయి గుర్తు. అందులో ఎప్పుడూ ఖైనీ, సున్నం కలిపి నలుపుతూ ఉండేవాడు. అదే చేతితో గేరు మార్చేవాడు, అదే చేతితో నాకు బిస్కెట్టు ఇచ్చేవాడు. కిటికీలోంచి ఉమ్మిన ఉమ్ము గాలికి వెనక్కి వచ్చి తలుపు మీద గోధుమరంగు చారలు కట్టేది. బండి కడిగినా ఆ చారల జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

బండి మా వాకిట్లో ఆగి ఉన్నప్పుడు నేనూ మా చెల్లెళ్ళూ అందులో ఎక్కి డ్రైవరాట ఆడేవాళ్ళం. నేను డ్రైవరు, చెల్లెళ్ళు బెల్లం దిమ్మలు. ఆ ఆటలోనే ఆ బండి ముందు పలక మీద ఉన్నవన్నీ నాకు తెలిసిపోయాయి. వేగం చూపే ముల్లు ఎప్పుడో చచ్చిపోయి సున్నా మీద పడుకుని ఉండేది. డీజిలు ముల్లు ట్యాంకు నిండినా ఎండినా సగంలోనే ఉండేది. హారను స్టీరింగు మీద పని చేయక, ఇళ్ళ గోడలకు ఉండే కాలింగ్ బెల్లు స్విచ్చి ఒకటి తెచ్చి పక్కన మేకులతో బిగించాడు మామ. ఎడమ చేతి కింద ఉన్న పుల్లను పైకి లేపితే కుడి బాణం ఆకుపచ్చగా మినుకుమినుకుమనేది, కిందికి వంచితే ఎడమ బాణం వెలగాలి కానీ వెలిగేది కాదు, కనుక మా బండి కుడికి తిరిగేటప్పుడు మాత్రమే లోకానికి చెప్పి తిరిగేది. ముందు దీపాలు పైకి ఎత్తితే పలక మీద నీలం చుక్క వెలిగేది. మామకు ఆ నీలం అంటే ప్రాణం. నీలం వెలుగుతుంటే దారంతా మనదే అనేవాడు. ఎదురుగా ఎడ్లబండి వచ్చినా, సైకిలు వచ్చినా, ఎడ్లు బెదిరి పక్కకు లాగినా దీపం దించేవాడు కాదు.

ఒక మూల కూజాలాంటి బొమ్మ ఉండేది, మూతి నుంచి ఒక చుక్క కారుతున్నట్టు. అది ఒకసారి ఎర్రగా వెలగడం మొదలుపెట్టింది. ఇంజనులో ఆయిలు తగ్గితే అది వెలుగుతుందని మా స్కూలు బస్సు డ్రైవరు చెప్పగా విని, మామకు చెప్పాను. ఎదురుగా ఎర్రగా కనబడుతుంటే చిరాకని మామ ఒక్క క్షణం ఆలోచించి, ఖైనీ డబ్బాలోంచి సున్నం బొటనవేలితో తీసి ఆ కూజా మీద పూసేశాడు. వెలుగు కనబడకుండా పోయింది. ఇంక నీకు బెంగ లేదు కదా అన్నట్టు నా తల నిమిరాడు. ఆ సున్నపు వేలితోనే.

కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర వస్తే ఊరి ఆడవాళ్ళంతా ఆ బండి వెనక నిలబడి వెళ్ళేవారు. పసుపు నీళ్ళు, వేపమండలు, పులిహోర గిన్నెలు, నలిగిన మల్లెలు, చంటిపిల్లల ఉచ్చ, అన్నీ కలిసి బెల్లం జిడ్డు పట్టిన ఆ చెక్కల మీద మరో వాసన తయారయ్యేది. ముందు పలకకు బంతిపూల దండ కట్టి, గంధం పూసి, ముళ్ళ మీదా దీపాల మీదా కుంకుమ చల్లేవారు. ఏ దీపం ఏది చెబుతుందో తెలియకపోయినా అన్నిటికీ మొక్కేవారు.

ఒక ఏడాది గానుగలు జోరుగా ఆడుతున్న రోజుల్లో బ్రేకు తొక్కినప్పుడల్లా ఫ్యూజు పోయి హారను కూడా ఆగిపోవడం మొదలైంది. వెనక దీపాలకు వెళ్ళే తీగల మీద ఏళ్ళ తరబడి బెల్లం నీళ్ళు కారి తుప్పు పట్టి ఎక్కడో కలిసిపోతున్నాయి. మామ మా వాకిట్లోనే బండి కిందికి దూరి, బ్రేకు దీపాల తీగను బ్లేడుతో కోసి చివర గుడ్డపీలిక చుట్టేశాడు. ఇక ఫ్యూజు పోలేదు. వెనక చిన్న ఎర్రదీపం మామూలుగానే వెలిగేది, బ్రేకు తొక్కితే అది పెద్దదై మండాలి కదా, ఆ మండడం మాత్రం లేదు. మా అమ్మ మంగ అప్పుడు చేటతో బియ్యం చెరుగుతూ అరుగు మీద ఉంది. ఆ తీగ ఎందుకు కోశావని అడిగింది.

"ఎనకాల వచ్చేవోడు ఆడి కళ్ళతో ఆడు సూసుకుంటాడు. ఆడి కోసం నేనేటి దీపం ఎట్టాలి?" అన్నాడు మామ చేతులు తుడుచుకుంటూ.

కొన్నాళ్ళకు నా పన్ను పుచ్చి వాచిపోతే, అనకాపల్లి డాక్టరుకు చూపించడానికి అమ్మా నేనూ ఉదయాన్నే మామ బండెక్కాం. మంచు దట్టంగా కురుస్తోంది. మా ఊరి పాలవాడు సత్తిబాబు రోజూ ఆ వేళకే సైకిలుకు క్యాన్లు కట్టుకుని పట్నం బయలుదేరేవాడు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడు, క్యాను మూతలో నురగ పోసి పిల్లలకు ఇచ్చేవాడు. మంచు ఉన్న రోజుల్లో సైకిలు వాళ్ళు ఏదైనా బండి వెనక ఎర్రదీపం చూసుకుంటూ, అదే దారి అనుకుని తొక్కుతారు. ఆ రోజు సత్తిబాబు మా బండి దీపం చూసుకుంటూ వస్తున్నాడు. బెల్లం బరువుకు మేమూ నెమ్మదిగానే పోతున్నాం. చెరుకుతోటలోంచి గేదెదూడ ఒకటి రోడ్డు మీదకు దూకింది. మామ బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక ఏదో పగిలిన చప్పుడైంది.

దిగి వెళ్ళేసరికి సైకిలు బండి కిందికి సగం దూరి ఉంది. వెనక తలుపు గొలుసు కొక్కెం సత్తిబాబు కంట్లో దిగింది. పాలు, బురద, నెత్తురు కలిసి కారి నా కాళ్ళ దాకా వచ్చాయి, పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మామ మొదట వెనక తలుపు గొలుసు లాగి చూశాడు, దిమ్మలు కదిలాయేమోనని తార్పాలిను ఎత్తి చూశాడు, పక్కకు తిరిగి ఖైనీ ఉమ్మాడు. తర్వాతే సత్తిబాబు వైపు వంగి, "కళ్ళు కనబడ్లేదేట్రా నీకు?" అన్నాడు. నేను అప్పటికి చాలా అసహ్యాలు చూశాను కానీ ఆ ఉమ్ము చప్పుడు లాంటిది మళ్ళీ వినలేదు.

అమ్మ కొంగు మడిచి సత్తిబాబు కంటికి అదిమి పట్టి తన సీటులో కూర్చోబెట్టుకుంది. నన్ను వెనక దిమ్మల మీద కూర్చోమంది. పన్ను నొప్పి ఏమైపోయిందో తెలియదు. ఆసుపత్రిలో అతని ప్రాణానికి ఏం భయం లేదన్నారు, కన్ను మాత్రం తీసేశారు.

సత్తిబాబు తండ్రి పెద్దల్లో పెట్టాడు. మా గానుగ పాకలోనే కూర్చున్నారు అందరూ. అంతకు ముందు రోజే మామ మా వాకిట్లో తీగ మళ్ళీ కలిపేశాడు. ఇప్పుడు బండిని తెచ్చి పాక ముందు నిలబెట్టి, అందరినీ వెనక నిలబడమని, తను ఎక్కి బ్రేకు తొక్కాడు. దీపం భగ్గున మండింది. పెద్దలు తలలు ఊపారు. మంచులో కుర్రాడు దగ్గరగా వచ్చేశాడు, ఎవరి తప్పూ కాదు, కర్మ అన్నారు ఒకరు. సత్తిబాబు కంటికి కట్టుతో ఒక మూల కూర్చుని, తనకు మాత్రం ఏ వెలుగూ కనబడలేదని మెల్లగా అన్నాడు. మందులు ఎక్కువై మతి చెదిరిందని ఎవరో నవ్వారు. మామ కూడా నవ్వాడు, ఎప్పటిలాగే, పాక చివరికి వినబడేలా.

"అప్పుడు ఎలగలేదు. మావయ్య తీగ కోసేసేడు. మళ్ళీ నిన్ననే కలిపేడు," అన్నాను.

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. నాన్న వచ్చి నా చెంప మీద కొట్టాడు. సిన్న గుంట, దానికేటి తెలుసు అని మామ పెద్దల వైపు తిరిగాడు. మగవాళ్ళు కూర్చున్న చోటికి ఆడవాళ్ళు వచ్చేవారు కాదు మా ఊళ్ళో. అమ్మ పాక బయట నుంచి లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది.

"దానికి తెలుసు. నాకూ తెలుసు. నా కళ్ళెదురుగానే కోసేడు," అంది.

పెనం మీద పాకం కుతకుతమంటోంది. వైద్యం సంగతి, ఆ కుర్రాడు మళ్ళీ పనిలో నిలదొక్కుకునేదాకా ఇంటి సంగతి మామే చూసుకోవాలని చివరికి పెద్దలు చెప్పారు. మామ లేచి, కండువా దులిపి, అమ్మ వైపు చూడకుండా చెప్పాడు.

"ఈ రోజునుంచి నాకు సెల్లి లేదు."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. నా పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి ఎత్తుకు రావలసిన మేనమామ రాకపోతే, వరసకు ఎవరో ఇద్దరు మోశారు. ఊళ్ళో వాళ్ళు కూడా అమ్మనే తప్పుబట్టారు, ఒక దీపం కోసం తోడబుట్టినవాణ్ణి బజారుకీడ్చిందని. పెద్దలు తీర్పు చెప్పిన రాత్రే నాన్న అన్నం ముందు కూర్చుని, నిజమే చెప్పారు కానీ చెప్పకుండా ఉంటే బాగుండేదని గొణిగాడు. అమ్మ ఆయన కంచంలో చారు పోసి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు, గొప్ప పని చేశానని కూడా అనలేదు. మామ పోయినప్పుడు వెళ్ళి, అరుగు మీద కాసేపు కూర్చుని, ఇంటికొచ్చి తలకు పోసుకుని వంట మొదలుపెట్టింది. ఆ ఏడాదే మామ కొడుకూ కోడలూ మా ఇంటికి రాకపోకలు మొదలుపెట్టారు. సాయి అప్పటికి చంటివాడు. ఇప్పుడు అమ్మ లేదు, మా గానుగ లేదు. గానుగ పాక ఉన్న చోట రంగు రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. మడ్డి గొయ్యి ఉన్నచోట ఒక కమాను కట్టి దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. పోయినవాటిలో సగానికి నేనేమీ బాధపడను. మగవాళ్ళ మధ్యకు నడిచి వచ్చి నిలబడ్డ ఆ ఒక్క మనిషి కోసం బాధపడతాను.

సాయి బండి ఊరు దాటింది. వాడి ముందు ముళ్ళు లేవు, టీవీ లాంటి అద్దం ఒకటి ఉంది. అందులో పాటలు, మ్యాపు, ఎవరో ఆడమనిషి గొంతు. బెల్టు పెట్టుకోకపోతే బండి అరుస్తుందట. ఆ అరుపు రాకుండా బెల్టు దూర్చే సందులో ఒట్టి బిళ్ళ ఒకటి దూర్చి పెట్టాడు. ఇంజను బొమ్మ ఒకటి పసుపుపచ్చగా వెలుగుతోంది. అదేమిటని అడిగాను.

"కొన్నకాణ్ణించి ఎలుగుతానే ఉన్నాది పెద్దమ్మా. ఏటీ కాదు," అన్నాడు.

దారిలో టీ కోసం ఆపినప్పుడు నేను దిగి బండి వెనక్కి వెళ్ళి నిలబడి, బ్రేకు తొక్కమన్నాను. వాడు నవ్వుకుంటూ తొక్కాడు. ఎర్రదీపాల మీద నల్లటి కాగితం లాంటి పొర అంటించి ఉంది. లోపల వెలుగుతోంది, బయటికి మాత్రం ఎండిన నెత్తుటి మరకంత కనబడింది. ఇదెందుకు అంటించావని అడిగాను.

"స్టైలు పెద్దమ్మా. అందరూ ఏత్తన్నారు."

గోటితో గీకాను, ఊడలేదు. బండిలోంచి నా సంచి తీసుకున్నాను. సాయి ఏదో అంటున్నాడు, ఎండగా ఉంది, ఆలస్యమవుతుంది, ఇంత చిన్నదానికి ఏమిటిది అని. నేను రోడ్డు పక్కన నిలబడి సబ్బవరం బస్సుకు చెయ్యెత్తాను.