పావు యూనిట్ మనిషి

మా మామయ్య పోయారు. పోయిన ఆదివారం పొద్దున టిఫిన్ తిని, చెయ్యి కడుక్కుని, బాల్కనీలో కుర్చీలో కూర్చున్నారు. నేను చాయ్ తీసుకెళ్లేసరికి లేరు. ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత తేలిగ్గా వెళ్లిపోతారా ఎవరైనా? నాకు ఇంకా కోపంగానే ఉంది. ఆయనే ఉంటే ఈ కోపం ఎంతో లెక్క కట్టి చెప్పేవారు. మా ఇంట్లో కోపానికి ఒక కొలత ఉండేది. అది ఆయన పెట్టిందే.

మామయ్యది జగిత్యాల దగ్గర పల్లె. సూరత్‌లో సముద్రం వైపున్న గ్యాస్ ప్లాంటు ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. పైపులో ఎంత గ్యాసు వచ్చిందన్నది వేరేవాళ్లు చూసుకునేవారు. అందులో వేడి ఎంతుందో తేల్చడం ఈయన పని. కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఊరుకోకుండా, "వేడంటే థర్మామీటర్ పెట్టి చూస్తారా మామయ్యా?" అని అడిగాను. అంతే, నేరుగా వంటింట్లోకి వచ్చి అగ్గిపెట్టె తీసుకున్నారు. పుల్ల గీసి, మంట వేళ్ల దాకా వచ్చేవరకు పట్టుకుని, ఊదేశారు.

"గిదే బిడ్డా, ఒక బీటీయూ. జర అటుఇటుగ. ఇంగ్లీషోళ్ల కొలత. ఒక పౌను నీళ్లను వాళ్ల డిగ్రీల లెక్కన ఒక్క డిగ్రీ వేడి చేసేటంత. మిల్లులకు అమ్మేటప్పుడు గిసొంటియి పది లక్షలు ఒక మూట కట్టి అమ్ముతరు."

"పది లక్షల అగ్గిపుల్లలా!"

"ఆఁ. మీ అత్తకు కోపమొస్తే గంత."

లోపలి గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "ఏంది, పొద్దుపొద్దున నీ అగ్గిపుల్లల లొల్లి? ఉత్తగ వస్తున్నయా అవి?"

"ఇన్నవా? మూట ఇప్పింది" అన్నారు మామయ్య, నా వైపు వంగి.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరి కోపమైనా పుల్లల్లోనే. నాది ముక్కు మీద కోపం. నేను గిన్నెలు ఎత్తి పడేస్తుంటే హాల్లోంచి, "ఇయ్యాల అగ్గిపెట్టె ఖాళీ అయినట్టున్నది" అని వినపడేది. మా ఆయనది మాత్రం తడిసిన పుల్లట. ఎంత గీకినా అంటుకోదని తండ్రికి బెంగ.

ఎదురింటి గుజరాతీ అక్కకి, అంటే ఇక్కడి మాటలో బెన్‌కి గ్యాసు బిల్లు మీద ఎప్పుడూ అనుమానమే. మీటర్లో తిరిగేది సగం ఉత్త గాలేనని ఆమె వాదన. "కాకా, ఆధా తో హవా హై!" అంటూ ఒకరోజు మా గుమ్మంలో నిలబడింది. మామయ్య ఆమెను కూర్చోబెట్టి, పుట్టింటి బర్రెల క్షేమం అడిగారు. పాల డెయిరీలో పాలు పోస్తే డబ్బులు ఉత్త లీటర్లు చూసి ఇస్తారా, ఫ్యాట్ చూసి ఇస్తారా అని అడిగారు. ఫ్యాట్ చూసే కదా అంది బెన్. గ్యాసుకు కూడా ఫ్యాట్ ఉంటుందని, దాన్ని కిలోక్యాలరీల్లో చూస్తారని, ఒక్కో బావి గ్యాసు ఒక్కో చిక్కదనంలో వస్తుందని, తాను ఇన్నేళ్లూ చూసింది ఆ ఫ్యాటేనని ఆయన హిందీలో చెప్పారు. బెన్‌కి అంతా అర్థమైపోయింది. మెట్ల మీద కనపడ్డ వాళ్లందరికీ చెప్పింది. ఎముకల గూడులా ఉండే మా మామయ్యకు ఆ రోజునుంచి సొసైటీలో 'ఫ్యాట్‌వాలా కాకా' అని పేరు.

తర్వాత ఆయనకు షుగరొచ్చింది. రోజుకి ఇన్ని క్యాలరీలు మించకూడదని డాక్టరు చెబితే ఎవరైనా బెదిరిపోతారు. ఈయన మొహం వెలిగిపోయింది. డాక్టరు క్యాలరీ అన్నది నిజానికి కిలోక్యాలరీ, అంటే తన ల్యాబు కొలతే. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టేది అంతే. ఇక చూడండి, తినే ప్రతిదీ నీళ్ల మీదే లెక్క. చందీ పడవో పండుగ రోజున బెన్ నెయ్యి గడ్డకట్టిన ఘారీ మిఠాయి పట్టుకొస్తే, "ఈ ఒక్కదానితోని సగం బిందె నీళ్లు మరుగుతయి" అని మురిసిపోయి, అందులో సగం తిని, మిగతా సగం వైపు చూస్తూ కూర్చునేవారు.

ఒకసారి నన్ను బాల్కనీలో గ్యాసు మీటరు దగ్గరికి పిలిచారు.

"ఇండ్ల ఒక్క యూనిట్ తిరిగితే తొమ్మిది వేల చిల్లర కిలోక్యాలరీలు. మనిషి దినమంత తినేది ఎంత? అండ్ల పావు గూడ గాదు. గంత దానితోని నడుస్తడు, నవ్వుతడు, పెండ్లాంతోని కొట్లాడుతడు. అసొంటి బాయిలర్ నేను మళ్ల యాడ సూడలే బిడ్డా."

అత్తయ్య పోయాక ఆ బాయిలర్ ఆగిపోవడం మొదలైంది. ఏడవలేదు. తినడం మానేశారు, అంతే. కొడుకు బతిమాలాడు, బెన్ తిట్టింది. "ఆకలైతలేదు" అన్నదొక్కటే మాట. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనన్నారు డాక్టరు. నాకు భయమేసింది. పుట్టింట్లో కూడా నన్ను అంత ముద్దుగా 'బిడ్డా' అన్నవాళ్లు లేరు.

ఒక సాయంత్రం బాల్కనీలోకి వెళ్లి ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. "మామయ్యా, నాకో లెక్క కావాలి."

లెక్క అంటే ఆయన కాదనరు. కళ్లు తెరిచారు.

"ఒకాయన పొద్దున అర గ్లాసు పాలు తాగుతాడు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు పెరుగన్నం. రాత్రికి ఏమీ లేదు. మీటరు మీద ఎంత?"

పెదవులు కదిపారు. వేళ్లు మడిచారు. "పావు యూనిట్ల పదో వంతు. గింత గ్యాసుతోని బాయిలర్ ఎట్ల నడుస్తది బిడ్డా? ప్లాంటు బందైత..." అని ఆగిపోయారు. నా మొహం చూశారు.

"బంద్ కానివ్వను" అన్నాను. "అత్తయ్య పోయారు. మీరూ పోతే నా కోపం కొలిచేదెవరు?"

మీటరు వైపు చూశారు. "ఇంట్ల జొన్నపిండి ఉన్నదా?" అన్నారు.

ఉంది. లేకపోయినా ఊరంతా తిరిగి తెచ్చేదాన్ని. ఒక రొట్టె, ఎల్లిపాయ కారంతో తిన్నారు. నీళ్లు తాగి, "మీటర్ కదిలింది" అన్నారు. నేనేమో నవ్వుతూ ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన మళ్లీ పాత మామయ్యే. అన్నం దగ్గర పేచీలు, ఘారీల దొంగతనాలు, బెన్‌తో వాదనలు. ఆదివారమైతే బియ్యప్పిండి గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి ఉండాల్సిందే. మాడిన అంచంటే ప్రాణం. తిన్నాక పళ్లెంలో రాలిన పొడిని వేలికి అద్దుకుని నాకేవారు, చిన్నపిల్లాడిలా.

పోయిన ఆదివారం పొద్దున కూడా ఒకటి తిన్నారు. "ఇంకొకటెయ్యి బిడ్డా, పావు నిండలే" అన్నారు. వేశాను.

కట్టెలా, గ్యాసా అని శ్మశానంలో అడిగితే, మా ఆయన ఆలోచించకుండా గ్యాసన్నారు. మామయ్య చెవిన పడి ఉంటే ఏ బావి గ్యాసని అడిగేవారు.

అందరూ వెళ్లాక వంటింట్లోకి వచ్చాను. సింకు పక్కన ఆయన పళ్లెం అలాగే ఉంది. మాడిన అంచు ముక్క కూడా మిగల్లేదు. పేరుకున్న నూనెలో ఆయన వేలు తిరిగిన గీతలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా.