సరళక్క పల్లికారంలో ఏం కలిపేదంటే

సరళక్క పోయిందని నాకు మొదట చెప్పింది వాళ్ళింట్లో వాళ్ళు కాదు. ఒక వాట్సాప్ స్టేటస్.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ బాక్స్ మూత తీస్తూ ఫోన్ చూశాను. అక్క ఫొటో. దానికి దండ. దాని కింద, "సరళక్క జ్ఞాపకార్థం ఆమె స్పెషల్ పల్లికారం ఇక మా పేజీలో. మొదటి యాభై మందికి శాంపిల్ ఫ్రీ."

మూడుసార్లు చదివాను. అక్క పోయిందన్నది బుర్రకు ఎక్కలేదు.

ఎక్కాక స్వాతికి ఫోన్ చేశాను. అక్క బిడ్డ. ఏడుపు మధ్యలోనే చెప్పింది. పొద్దున పల్లీలు వేయిస్తూ వేయిస్తూనే కూలబడిపోయిందట. హాస్పిటల్‌కు చేరేలోపే అయిపోయింది.

చిక్కడపల్లిలో అక్క ఇంటి ముందు ఇంకా టెంట్ కూడా వేయలేదు. ఆ స్టేటస్ పెట్టినాయన మాత్రం ఆఫర్ వేసేశాడు.

అక్క తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. రెండు గదుల ఇంట్లో కారాలు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మేది. నేను అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదివేటప్పుడు ఆమె శాంపిల్ తిని కస్టమర్‌నయ్యాను. ఆ తర్వాత పేజీ నేనే చూసేదాన్ని. ఉద్యోగం వచ్చాక కూడా ప్రతి ఆదివారం అక్కడే ఉండేదాన్ని. మెస్‌లో ఆ నీళ్ళ పప్పు తిన్నవాళ్ళకు తెలుసు, ఒక్క చెంచా కారం ఎంత ఆదుకుంటుందో.

ఎవరు మెసేజ్ పెట్టినా శాంపిల్ ఫ్రీ. తనే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చేది.

అక్కకు ఒక అలవాటు ఉండేది. ఒక శాంపిల్ కడితే, అదే గిన్నెలోంచి ఇంకోటి కట్టి రెండింటి మీదా ఒకే నంబర్ రాసేది. ఒకటి వాళ్ళకు. దాని జంట ఇంట్లో పాత బిస్కెట్ డబ్బాలో.

ఎందుకక్కా ఈ డబుల్ పని అని అడిగితే, "ఆళ్ళు ఏం తిన్నరో నాకు ఎర్క ఉండాలె గదా. మంచిగ లేదంటె నేను గూడ గదే తిని చూస్త" అనేది.

ఇక స్టేటస్ పెట్టినాయన. నారాయణగూడలో ఉంటాడు. ఆయనకూ పొడుల పేజీ ఉంది.

పోయినేడాది ఒకే హాస్టల్ నుంచి ఒకే రోజు తొమ్మిది మంది శాంపిల్ అడిగారు. అక్క సంబరం చూడాలి. ఎండలో నడిచి వెళ్ళి గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చింది. తొమ్మిదీ ఆయనే వచ్చి పట్టుకెళ్ళాడని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. తొమ్మిది పేర్లు, మనిషి ఒక్కడే.

వాటిని విప్పి నెల రోజులు గాలికి వదిలేశాడు. అవి మెత్తబడి ముక్క వాసన పట్టాక, పక్కన తన ఫ్రెష్ పొడి పెట్టుకుని హాస్టళ్ళు తిరిగాడు. "ఇది సరళక్కది, ఇది నాది. తిని మీరే చెప్పుండ్రి. ఆమెది మాడు వాసన గూడ వస్తది."

అక్క ఆర్డర్లు ఆగిపోయాయి. హాస్టళ్ళ మీదే నడిచే పేజీ. దాని మీదే స్వాతి చదువు.

అక్క ఏడవలేదు. డబ్బా తెరిచి ఆ తొమ్మిది నంబర్ల జంటలు ఏరింది. అన్నాలు తినే టైమ్‌కు మెస్‌కు వెళ్ళి బల్ల మీద పరిచింది. నేను పక్కనే ఉన్నాను.

"గాయన మీకు తినవెట్టినవి, గివి ఒక్క గిన్నెలవే. ఒక్కనాడే కట్టిన. గిప్పుడు తినుండ్రి."

మొదట ఒకమ్మాయి కలుపుకుని తిన్నది. ఇంకాస్త అన్నం కోసం ప్లేటు ముందుకు తోసింది.

సగం మంది తిరిగొచ్చారు. సగం మంది రానేలేదు. మాడు వాసన అన్న మాట మాత్రం ఊరంతా తిరిగింది.

ఆయన బండారం పేజీలో పెడతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఆయన ఇల్లు గూడ గడవాలె. పేరు పెట్టనని మాటియ్యి" అన్నది. ఇచ్చాను.

అక్క ఆయన్ని క్షమించింది. నేను ఒక్కరోజు కూడా క్షమించలేదు.

నిన్న సాయంత్రం అక్కను తీసుకెళ్ళే ముందు దండ పట్టుకుని వచ్చాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తర్వాత నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"చెల్లె, అక్క పల్లికారంల ఏం కలుపుతుండె? నీకు జెప్పే ఉంటది. యాభై మందికి ఇస్తనని పెట్టిన, జర పరేషాన్ల ఉన్న."

శవం ముందు. ఆ మాట అడిగాడు.

"రేపు చెప్త అన్నా" అన్నాను.

ఇవాళ పొద్దున స్వాతిని అడిగాను. "నాకిప్పుడు జాబ్ ఉంది, పేజీ నాతోని కాదక్కా. కని అమ్మ పేరు ఆయన నోట్ల వద్దు. ఏం కలిపేదో పేజీల పెట్టెయ్యి" అన్నది.

అందుకే, అన్నా, చెప్తున్నా. నీకొక్కడికే కాదు, అందరికీ.

పల్లీలు సన్నమంట మీద వేయించాలి. ఎండుమిరపకాయలు, జీలకర్ర వేరుగా. ఎల్లిపాయలు పొట్టుతోనే. ఉప్పు. ఇవి ఎవరైనా వేస్తారు. నీకు దొరకనిది కుడుక. ఎండుకొబ్బరి సగం చిప్పను పట్టుకారుతో నేరుగా మంట మీద పెట్టి, రెండు వైపులా నల్లగా కాల్చాలి. ఆ నలుపు గీకొద్దు. అట్లే దంచి కలపాలి.

మాడు వాసన అని హాస్టల్ హాస్టల్ తిరిగి చెప్పావే, అదే అక్క పల్లికారం.

అందరూ చేసుకోండి. పక్క రూమ్ వాళ్ళకు రెండు చెంచాలు పెట్టండి. షేర్ చేయండి. ఆయన దగ్గర కొనాల్సిన అవసరం ఈ చుట్టుపక్కల ఒక్కరికి కూడా ఉండకూడదు.

ఆయన ఫ్రీ శాంపిల్ అందినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి. బిస్కెట్ డబ్బాలో అక్క చేత్తో కట్టినవి ఇంకా పద్నాలుగున్నాయి. పక్కపక్కన పెట్టుకుని తినండి.

పేరు పెట్టనని అక్కకు మాటిచ్చాను, పెట్టలేదు. స్టేటస్ ఎవరిదో చూసినవాళ్ళకు తెలుసు.

పోయిరా అక్కా. నడిచి నడిచి అలసిపోయావు, ఇక ప్రశాంతంగా ఉండు.

ఆ ప్రశాంతత ఆయనకు మాత్రం దొరకనివ్వను.