నిద్రపోయే చోటుకు బోణీ

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒకప్పుడు ఏ బోర్డు చూసినా సిద్దిరాములు చేతిదే. మందుల షాపులు, హోటళ్ళు, కోచింగ్ సెంటర్లు, అన్నీ ఆయనే రాశాడు. తుర్కయంజాల్ నుంచి బతకడానికి వచ్చినప్పుడు ఆయన దగ్గరున్నవల్లా కాసిని బ్రష్షులూ, ఇంగ్లిష్ అక్షరాన్ని బొమ్మలాగా దింపే చెయ్యీ. చదవడం రాదు. రాకపోతే కొంపేం మునగలేదు, అక్షరాలు మాత్రం ముచ్చటగా వచ్చేవి. తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆయన పొట్ట కొట్టాయి గానీ, ఇనుప రేకు మీదే రాయించుకునే పాతకాలపు మనుషులు ఇంకా కొందరు మిగిలారు.

ఆయనకో పట్టింపు ఉంది. పని నేర్పిన గురువు పెట్టిన పట్టింపు. బోర్డు ఎక్కించాక ఎదురుగా నిలబడి దాని మీది పేరును గొంతెత్తి పిలవాలి. దాన్ని బోర్డును లేపడం అంటారు. లేపని బోర్డు కింద గిరాకీ నిలవదు, లేపిన బోర్డుకు ఆ పూటే బోణీ అవుతుంది. నవ్వితే నవ్వండి నాకేం! నోట్ల కట్టలు లెక్కపెట్టే షావుకార్లే ఆయన చెయ్యి పట్టుకుని "జర పిలిచి పో రాములన్నా" అని బతిమాలేవారు. చదువు రాదు గనక, ఆ పేరేమిటో ముందే పట్టాభి గారిని అడిగి నోటికి తెచ్చుకునేవాడు.

పట్టాభి గారిది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటూ జుట్టు నెరిసింది. రాములు పేరు ఎందుకు అడుగుతాడో ఆయన ఏనాడూ అడగలేదు. తను చెప్పడం, వాడు వినడం, అంతటితో ఆయనకు తృప్తి.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కోచింగ్ సెంటర్లకు తాళాలు. ఆ రోజుల్లో దశరథ అనే చర్చి పెద్ద సిద్దిరాములు దగ్గరికొచ్చాడు. నాదర్‌గుల్ అవతల వాళ్ళ చర్చి సమాధుల కోసం కొత్తగా జాగా కొంది. గోడ లేచింది, గేటు నిలిచింది, లోపల ఇంకా ఒక్క సమాధీ లేదు. గేటు మీదికి బోర్డు కావాలని, మాట కాగితం మీద రాసిచ్చి పోయాడు.

పట్టాభి గారు ఆ కాగితం చూసి నవ్వారు.

"అందరూ చేసే తప్పే వీళ్ళూ చేశారయ్యా రాములూ. 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' రాశారు. ఈ మాటలో 'ఏ' అన్నదే లేదు. సీ, ఈ, ఎమ్, ఈ, టీ, ఈ, ఆర్, వై. మూడూ 'ఈ'లే. సెమెటెరీ. నోటితో అనేటప్పుడు ఆ మూడోదాన్ని సగం మింగేస్తాం, అందుకే చెయ్యి 'ఏ' వైపు పోతుంది."

"అంటె ఏంది సార్?"

"మీరు బొందలగడ్డ అంటారే, అదే. కానీ అసలు మాటలో చావు లేదయ్యా! గ్రీకువాళ్ళది, కొయిమెతేరియన్. పడుకునే చోటు అని అర్థం. మన హాస్టళ్ళలో వరసగా మంచాలేసుంటాయి చూడు, అలాంటి గది. తొలినాటి క్రైస్తవులు 'మావాళ్ళు పోలేదు, పడుకున్నారు, మళ్ళీ లేస్తారు' అన్నారు. అందుకని పూడ్చిన చోటుకి ఆ పేరు పెట్టారు. లాటిన్లోకెళ్ళి, ఫ్రెంచిలో నాని, ఇంగ్లిష్‌లోకొచ్చింది. ఆ 'తే' ఉంది చూశావా, అదే మన మూడో 'ఈ'."

సిద్దిరాములు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బొందలగడ్డ బోర్డును లేపితే వచ్చే గిరాకీ ఎవరు? ఆ ప్రశ్నతోపాటు ఆయన కళ్ళ ముందుకొచ్చింది కొడుకు వీరేందర్ మొహం.

వీరేందర్ డిగ్రీ చదువుతున్నాడు. ఎక్కడ ధర్నా అయితే అక్కడ వాడుంటాడు. దానికి తండ్రి అడ్డం చెప్పలేదు. బస్తీలో సగం బళ్ళ నంబర్లలో ఏపీ చెరిపి టీజీ రాసిపెట్టింది ఆయనే, అదీ ఊరికే. కానీ ఈమధ్య వాడు అన్నం ముందు కూర్చుని "నా పానం పోతె తెలంగాణ ఒస్తదంటె ఇప్పుడే ఇస్త" అంటున్నాడు. అలా అన్న పిల్లలు కొందరు నిజంగానే పోయారు. వాళ్ళ ఫొటోలకు చౌరస్తాలో దండలు వేలాడుతున్నాయి. తల్లి సైదమ్మ ఆ మాట వినలేక చెవులు మూసుకునేది. సిద్దిరాములు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

అందుకే బోర్డు రాసి ఎక్కించాడు గానీ, పేరు పిలవలేదు. పళ్ళు బిగబట్టి నిచ్చెన దిగాడు.

సరిగ్గా అప్పుడే పట్టాభి గారి స్కూటరు వచ్చి ఆగింది. పాఠాల్లేక ఆయనకు తోచట్లేదు, తను చెప్పిన మాట ఎలా వచ్చిందో చూద్దామని వచ్చారు. గేటు ముందు నిలబడి "భేష్!" అన్నారు. ఆ వెంటనే, వెనక బెంచీలకు వినపడే గొంతుతో "సెమెటెరీ!" అని చదివారు. సిద్దిరాములు "వద్దు సార్" అనేలోపు, ముచ్చట తీరక "కొయిమెతేరియన్!" అని పుట్టినప్పటి పేరుతో కూడా పిలిచేశారు.

పైన, దగ్గర్లోని శిక్షణ మైదానం నుంచి లేచి విమానం నడపడం నేర్చుకుంటున్నవాళ్ళు చక్కర్లు కొడుతున్నారు. ఆ మోత చటుక్కున తెగిపోయింది. గాలి లేదు. గేటు రెక్క మెల్లగా లోపలికి తెరుచుకుంది.

"ఎవరో తీశారే," అన్నారు పట్టాభి గారు. లోపల ఎవరూ లేరు.

ఆ రాత్రి వీరేందర్ ఇంటికి రాలేదు. ఫోను మోగలేదు. తెల్లారి స్నేహితులను అడిగితే ఒకడు పోలీసులు పట్టుకుపోయారన్నాడు, ఇంకొకడు తెలియదని తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూసి సిద్దిరాములు ఇంకెవర్నీ అడక్కుండా ఇంటికి తిరిగొచ్చాడు.

"బోర్డు లేచింది సైదమ్మా. బోణీ అడుగుతున్నది."

"ఆళ్ళ బొందలగడ్డకు మన పోరనికి ఏం సంబంధమయ్యా?" సైదమ్మ ఏడుస్తూనే కసిరింది.

"బోణీకి కులం మతం ఉంటదా? ముందుగాల కాలు పెట్టినోడే గిరాకి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక ఆయనకు దారి దొరికింది. పడుకునే చోటు అన్నారు కదా సార్. చావక్కర్లేదు. ఎవరో ఒకరు పడుకుంటే బోణీ అయిపోతుంది. ఎక్కడికి పోతున్నాడో సైదమ్మకు ఒక్క ముక్క చెప్పి, సైకిలెక్కి నాదర్‌గుల్ వైపు తొక్కాడు.

మిట్టమధ్యాహ్నం. గేటు నిన్న తెరుచుకున్నట్టే ఉంది. జాగా నడిమధ్యకు పోయి, కట్టెలాగా కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

"మొదటి గిరాకిని నేనే. నా కొడుకును ఇడిసిపెట్టు," అన్నాడు మట్టితో.

పైన ఎండ పేలిపోతుంటే వీపు కింద నేల చల్లగా ఉంది. కళ్ళు మూసుకోగానే కుడివైపు ఎవరో ఊపిరి తీసుకున్నట్టయింది. తర్వాత ఎడమవైపు. తర్వాత ఇంకా అవతల, వరసగా. ఎవరో ఒత్తిగిలి పడుకున్నారు. ఒక్క సమాధీ లేని జాగా అది! చూడాలనిపించలేదు ఆయనకు. భయంతో బిగుసుకుపోయాడు, అలాగే నిద్రలోకి జారిపోయాడు.

"నాయినా!"

వీరేందర్ గొంతు. రాత్రంతా పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టి పొద్దెక్కాక వదిలారు వాణ్ణి. ఇంటికి పోతే తల్లి సంగతి చెప్పింది, ఎవరిదో బండి మీద పరుగున వచ్చాడు. వాడు తన చెంపలు తట్టడం సిద్దిరాములుకు తెలుస్తోంది. బతికున్నావురా బిడ్డా, బతికే ఉన్నావు అని ఆయన ప్రాణం లేచొచ్చింది. పలుకుదామనుకున్నాడు. నాలుక తిరగలేదు. రెప్పలు లేవలేదు. పక్కన ఊపిళ్ళు మాత్రం తాపీగా నడుస్తున్నాయి.

"లే నాయినా! నేను పోత పోత అన్నగని నువ్వు పోతవనుకోలే. నీ కాల్మొక్త, లే!" వాడు గుండెలు బాదుకుంటున్నాడు. కన్నీళ్ళు వచ్చి ఆయన మొహం మీద పడుతున్నాయి. కొడుకు ఏడుపు వింటూ వాడి చెయ్యి పట్టుకోలేని ఆ నరకం పగవాడికి కూడా వద్దు. ఉన్న బలమంతా కూడదీసుకుని కదిలిస్తే, ఎప్పటికో ఒక వేలు కదిలి కొడుకు చొక్కా అంచును పట్టుకుంది.

గేటు బయటికి మోసుకొచ్చి నీళ్ళు తాగించాడు వీరేందర్. తాగాక కోప్పడ్డాడు.

"గన్నిసార్లు పిలిస్తె ఎందుకు పలకలే?"

"అన్నీ ఇన్న బిడ్డా. నువ్వు ఏడ్సుడు ఇన్న, కొట్టుకునుడు ఇన్న. నోరు రాలే. పోయినోళ్ళకు గట్లనే ఉంటది కావొచ్చు. అమ్మ ఏడుస్తుంటె ఇనుడే, పలుకుడు ఉండది."

వీరేందర్ వంగి తండ్రి మోకాలి మీద తల ఆన్చాడు.

మర్నాడు మళ్ళీ ధర్నాకు బయలుదేరాడు. గుమ్మం దాటినవాడు ఆగి, వెనక్కి తిరిగాడు.

"పొద్దుమూకేసరికి ఒస్త నాయినా. బువ్వ నాక్కూడ వండమను," అన్నాడు.